కొత్త చేపకు ముప్పై రోజులు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పావుగంట మాట్లాడాలె. మీ ఇంజనీరింగు సంగతులు వద్దు, మీ చేపల గురించి చెప్పండి" అన్నాడు. ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం మీద ఎవరికీ ఆసక్తి లేదని అప్పుడు తెలిసింది. సరే, చేపల గురించే చెప్తాను.

నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది. పట్టే నీరు 220 లీటర్లు. చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "సముద్రం ఎక్కడ, మన ఊరెక్కడ?" నిజమే, ఇక్కడి నుంచి ఏ సముద్రం చూడాలన్నా ఒక రాత్రి రైల్లో పడుకోవాల్సిందే. అయితే బోధన్‌లో మన బడి పెంకుల మీద కురిసిన వాన మంజీరలో పడి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, ఎప్పటికో అంతర్వేది దగ్గర సముద్రంలో చేరుతుంది. నేను చేసిందల్లా ఆ సముద్రాన్ని కొంచెం వెనక్కి తెచ్చుకోవడమే. తెచ్చుకోవడం అంటే డబ్బాల్లో మోసుకురావడం కాదు. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలుపుతాం. అది వంటింటి ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం, ఇంకా సముద్రంలో ఉండేవన్నీ ఉన్న మిశ్రమం. మా బోరు నీళ్ల టీడీఎస్ 800 దాటుతుంది కాబట్టి ఆర్‌ఓ తప్పదు.

ఉప్పు ఎంతుందో చూడటానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. ఆ పరికరం మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూసి చూశారు. ఎవరూ చెప్పనవసరం లేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ లాబ్‌లో చెరుకు రసం బ్రిక్స్ చూస్తూ ఆయన ఉద్యోగమంతా గడిచింది. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికి నాన్న రిటైరై చాలా కాలమైంది. అయినా ఆ వార్త విన్న తర్వాత ఆయన మాట తగ్గింది. పొద్దున్నే కుర్చీ వేసుకుని తొట్టి ముందు కూర్చునేవారు. సముద్రపు నీటికి బ్రిక్స్ స్కేలు మీద నాలుగు పైచిలుకు వస్తుందని లెక్క కట్టి నాకు చెప్పింది ఆయనే. "నీ గొట్టం మంచినీళ్లతో సున్నాకు పెడితే సరిపోదురా, అసలు కొలిచే దగ్గర తెలిసిన ద్రావణంతో చూసుకోవాలె" అని కూడా అన్నారు. ఆయన చెప్పినట్టే 35 గ్రాముల ప్రామాణిక ద్రావణం తెప్పించి చూస్తే, అప్పటిదాకా నేను ఒకటిన్నర గ్రాము తప్పు కొలుస్తున్నానని తేలింది.

ఆ తొట్టిలో నాన్నకు ఇష్టమైనవి రెండు క్లౌన్ చేపలు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు ఉంటాయి, 'ఫైండింగ్ నీమో' సినిమాతో పిల్లలందరికీ తెలిసిన చేప. ఆడది పెద్దది, మగది చిన్నది. మేత వేళకు నాన్న గాజు మీద వేలు పెడితే రెండూ ఆ వేలి దగ్గరకు వచ్చేవి.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. 2018 సంక్రాంతికి మా చెల్లెలు కుటుంబం హైదరాబాద్ నుంచి వస్తోంది. పిల్లలకు చూపించాలని ముందు రోజే ఒక బ్లూ టాంగ్ తెప్పించాను. అది సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరిగే చేప. నాలుగడుగుల తొట్టికి తేకూడనిది. అది మొదటి తప్పు. రెండో తప్పు, సంచిని పావుగంట నీళ్ల మీద తేలించి, చేపను నేరుగా తొట్టిలోకి వదలడం. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ గొప్పగానే ఉంది.

వారం తర్వాత నాన్న పిలిచారు. "అరే, కొత్త చేప మీద చక్కెర పడ్డదా ఏందిరా?"

చూస్తే నిజంగానే రెక్కల మీద తెల్లటి పలుకులు. చక్కెర ఊరి మనిషి కాబట్టి చక్కెర అన్నారు. పుస్తకాల్లో ఉప్పు రేణువులు అని రాస్తారు. ఆ జబ్బు పేరు మెరైన్ ఇక్. దాన్ని తెచ్చేది క్రిప్టోకారియన్ అనే ఏకకణ పరాన్నజీవి. నాలుగో రోజుకు పలుకులు మాయమయ్యాయి. తగ్గిపోయిందని నాన్నకు చెప్పాను, ఆయన తల ఊపారు. తగ్గలేదని మాకు తెలియదు.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పక తప్పదు, ముందు వరుసలో మా సైన్స్ సార్ ఉన్నారు. ఈ జీవి చేప చర్మం కింద మూడు నుంచి ఏడు రోజులు తిని పెరుగుతుంది. తర్వాత తనంతట తానే రాలి, ఇసుకలోనో రాళ్ల మీదో గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకు లోపల చీలిచీలి ఒకటి వందలవుతుంది. దానికి మూడు రోజులు పట్టొచ్చు, నాలుగు వారాలూ పట్టొచ్చు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. పెంకు పగిలి బయటపడ్డ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో ఇంకో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. సముద్రంలో అయితే ఎక్కువ భాగం అలాగే చస్తాయి, నీరు అంత విశాలం. 220 లీటర్లలో ఒక్కదానికీ చేప దొరకకపోవడం ఉండదు. నేను తగ్గిందనుకున్న రోజు, అది అడుగున వందలుగా చీలుతోంది.

రెండో విడత పన్నెండు రోజులకు వచ్చింది. ఈసారి తొట్టిలో ఏడు చేపలకూ పట్టింది. మొప్పల్లోకి వెళ్లడం వల్ల ఊపిరాడక పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. మందు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి నాలుగు పోయాయి, ఆ తర్వాత రెండు. ఆ రెండిట్లో ఒకటి మగ క్లౌన్ చేప. నాన్న ఏమీ అనలేదు. మరునాడు పొద్దున కుర్చీ వేసుకోలేదు.

అమ్మిన మనిషిని తిట్టుకున్నాను కొన్నాళ్లు. తర్వాత ఆలోచిస్తే, ఆ చేప సముద్రం నుంచి నా ఇంటికి వచ్చేలోపు ఎన్ని తొట్లు మారిందో, ఎన్ని చేపల పక్కన ఉందో ఆయనకూ తెలిసి ఉండదు. తెలుసుకోవాల్సింది నేను. దానికి ఉన్నది ఒకటే దారి. కొత్తగా వచ్చిన చేప ముప్పై రోజులు వేరే తొట్టిలో ఉండాలి. కరోనా తర్వాత క్వారంటైన్ అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు కానీ, అప్పట్లో మా ఇంట్లో ఆ మాట విని నవ్వారు.

బతికిన ఆడ చేపను వేరే తొట్టిలో పెట్టి రాగి మందు వేశాం. ఇది చాలా సన్నటి గీత మీద నడక. లీటరుకు 0.15 మిల్లీగ్రాముల కంటే తగ్గితే పరాన్నజీవి చావదు, 0.20 దాటితే చేపకే ప్రమాదం. అదీ ఈదే దశలో ఉన్న పిల్లల మీదే పనిచేస్తుంది. పెంకులో ఉన్నదాన్ని ఏమీ చేయదు. అందుకే వారాల తరబడి మోతాదు తగ్గకుండా ఉంచాలి. రాగి నత్తలనూ రొయ్యలనూ చంపుతుంది, రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి పెద్ద తొట్టిలో వేయరాదు. రోజుకు రెండుసార్లు కొలవాలి. నేను ఆఫీసుకు పోతే ఎవరు కొలుస్తారు? నాన్న లేచి, పాత ఫ్యాక్టరీ రిజిస్టర్ లాంటి పొడుగు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, ఉప్పు, రాగి, మేత తిన్నదీ లేనిదీ. బ్రిక్స్, పోల్, ప్యూరిటీ రాసిన చేత్తో గళ్లు గీసి రాయడం మొదలుపెట్టారు. పెద్ద తొట్టి పది వారాలు చేప లేకుండా ఉంది. చేప దొరక్క జబ్బు దానంతట అదే అంతరించాలి కదా. ఖాళీ తొట్టికి లైటు వేస్తుంటే కరెంటు బిల్లు చూసి మా ఆవిడ ఏమన్నదో ఈ వేదిక మీద చెప్పను.

ఇంకొక సంగతి నేర్చుకున్నాను. కొత్త చేపను నీటికి అలవాటు చేయడానికి మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్టు పెట్టి, గంటా రెండు గంటలు బొట్టు బొట్టుగా మన నీళ్లు సంచిలోకి వదలాలని అందరూ చెప్తారు. దగ్గరి దుకాణం నుంచి తెస్తే అది మంచిదే. కానీ చెన్నై నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి బస్సులో మన ఊరికి ఇరవై గంటలు సంచిలో వచ్చిన చేప సంగతి వేరు. సంచిలో అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోయి ఉంటుంది. అది విసర్జించిన అమ్మోనియా ఆ పీహెచ్ దగ్గర ఎక్కువ హాని లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మూతి విప్పి గాలి తగలనివ్వగానే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. అంటే రెండు గంటల బొట్టు పద్ధతిలో మనం జాగ్రత్త అనుకుంటూ చేపను విషంలో కూర్చోబెడుతున్నాం. అందుకని పంపేవాణ్ణి ముందే అడిగి, సంచి నీటి ఉప్పు ఎంతో తెలుసుకుని, క్వారంటైన్ తొట్టిని అదే ఉప్పుకు సిద్ధం చేసి, వేడి సమానం కాగానే చేపను వదిలేస్తాను. ఉప్పును తర్వాత రోజుల మీద నెమ్మదిగా పెంచుతాను. సంచి నీళ్లు మాత్రం తొట్టిలో పడనివ్వను.

ఒకేసారి నాలుగు చేపలు తెచ్చి వదలడమూ తప్పే. చేపల వ్యర్థాన్ని శుద్ధి చేసే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో ఉంటుంది. మేత ఎంత ఉంటే అది అంతే పెరుగుతుంది. నలుగురికి వండిన ఇంట్లో పెళ్లివారు దిగినట్టు ఒక్కసారి బరువు పెరిగితే అమ్మోనియా లేస్తుంది. ఒకటి, మహా అయితే రెండు. తర్వాత నెల ఆగాలి. నెమ్మదస్తులను ముందు, దుడుకువాళ్లను చివర. చవకగా దొరుకుతుందని మొదటే డామ్సెల్ చేపను వేస్తే, తొట్టి అంతా తన పేరు మీద పట్టా చేయించుకుంటుంది.

ఇక పగడాలు. అందరూ అడిగేది వీటి గురించే, "చేపలు సరే, ఆ రంగురంగుల పగడాలేవి?"

పగడాలు కొత్తగా చేర్చడం ఎలా ఉంటుందో నేను కళ్లారా చూసింది అమెరికాలో, డాలస్‌లో ఉన్న మన బ్యాచ్ మిత్రుడి ఇంట్లో. అక్కడ పెంచిన పగడాన్ని కటింగ్ ప్లయర్ లాంటి దానితో చిన్న ముక్కలుగా తుంచి, సిమెంటు బిళ్ల మీద అంటించి అమ్ముతారు. ముక్క మళ్లీ చెట్టులా పెరుగుతుంది. అది చూడగానే నాకు తోచిన మాట చెరుకు ముచ్చె. రెండు మూడు కళ్లున్న ముక్కను కోసి నాటితే తోట అవుతుంది కదా, అదే. మా మిత్రుడు కొత్త ముక్కను ఒక గిన్నెలో మందు నీళ్లలో పది నిమిషాలు ముంచి ఆడించాడు. గిన్నె అడుగున చిన్న చిన్న పురుగులు రాలాయి. "ఇవి లోపలికి పోతే తొట్టి మొత్తం తింటయి" అన్నాడు. నేను నవ్వాను. "మీ నాయన ముచ్చెలను మందులో ముంచి నాటేటోడు, గుర్తుందా?" అన్నాను. వాళ్లది రుద్రూర్ దగ్గర చెరుకు పొలం. అక్కడి చెరుకు పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే సంగతే, ముచ్చెలను మందు ద్రావణంలో ముంచాకే నాటమని. వాడు కాసేపు ఆ గిన్నె వైపే చూశాడు.

పోలిక అక్కడితో ఆగలేదు. ఎర్రకుళ్లు తెగులు గడ లోపలికి పోతే పైపై మందు దాన్ని చేరదు. అందుకే ఆరోగ్యమైన తోట నుంచే విత్తనం తీయాలంటారు. పగడం మీద పురుగు గుడ్లూ అంతే, మందు పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. అందుకే మా వాడు కొత్త ముక్కను సిమెంటు బిళ్ల నుంచి ఊడదీసి, ఆ బిళ్లను పారేసి, వేరే తొట్టిలో పెట్టి, వారం వారం మళ్లీ ముంచుతాడు. లైటు కింద కూడా ముందు అడుగున నీడలో పెట్టి, రెండు మూడు వారాల్లో పైకి జరుపుతాడు. పగడం ఒంట్లో ఉండే సన్నటి నాచే దానికి ఎక్కువ ఆహారం వండి పెడుతుంది. వెలుగు ఒక్కసారి ఎక్కువైనా, నీరు కొన్నాళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కినా ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్‌లో దిబ్బలకు జరిగింది అదే.

డాలస్ నుంచి తిరిగొచ్చాక నాకూ మనసు లాగింది. ఎవరి ద్వారానో ఒక మనిషి ఫోన్లో ఫొటోలు పంపాడు. మెదడు మడతల్లా ఉన్న ఆకుపచ్చ పగడం. "సార్, మన సముద్రందే, ఫ్రెష్ మాల్" అన్నాడు. అడ్వాన్సు పంపడానికి ఫోన్ తీశాను. పక్కన రిజిస్టర్ రాసుకుంటున్న నాన్న తల ఎత్తకుండా, "బిల్లు ఇస్తడా?" అని అడిగారు. అడిగితే ఆ మనిషి నవ్వి, "దీనికి బిల్లేంది సార్" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న జాబితాలోనే, 2001 నుంచి దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడం, అగ్ని పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్ర గుర్రాలు కూడా. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. విదేశాల నుంచి తెచ్చుకోవాలన్నా అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతి పత్రాలు కావాలి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక అలాంటి జీవాలను ఇంట్లో ఉంచుకునేవాళ్లు నమోదు కూడా చేయించుకోవాలి. నేను ప్రభుత్వ పనులు చేసిన ఇంజనీర్‌ని. పులిపిల్లను కొనబోయి ఆగినట్టు అయింది.

చట్టం భయం ఒక్కటే అయితే ఆ కోరిక మళ్లీ లేచేదేమో. నన్ను ఆపింది లెక్క. గుండ్రాయిలా పెరిగే పగడాల్లో చాలావరకు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మన సంఘం పెట్టి 50 ఏళ్లు. ఆ రోజు మొదలైన పగడం ఇవాళ్టికి అర మీటరు ఎత్తు. మన దేశంలో దిబ్బలున్నది కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, అండమాన్ నికోబార్‌లలోనే ముఖ్యంగా. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు వల్ల మన తీరంలో పెద్ద దిబ్బలు కట్టవు. ఉలితో కొట్టి సంచిలో వేసి బస్సెక్కిస్తే, మన ఎండాకాలంలో, మన కరెంటుతో, నాలాంటి వాడి చేతిలో అది ఎన్ని వారాలుంటుంది? మే నెలలో బయట 45 డిగ్రీలుంటే తొట్టిని 26 దగ్గర ఉంచడానికి చిల్లర్ నడవాలి. ఫ్యాను గాలితో చల్లబరచడం పొడి వేసవిలో పనిచేస్తుంది కానీ, ఆవిరైన నీటికి రోజూ మంచినీళ్లు పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. వానాకాలం ముసురు పట్టగానే ఆ ఫ్యానూ పనిచేయదు. డాలస్ మిత్రుడు చట్టప్రకారం పెంచిన ముక్కలు కొంటాడు, అతనికి అది చెల్లుతుంది. నా తొట్టిలో మాత్రం పగడం లేదు. పింగాణీ దిమ్మెలు, సున్నపు రాళ్లు, వాటి మీద ఊదా రంగు నాచు పొర. చూసినవాళ్లు కొందరు నిరాశపడతారు. పడనివ్వండి.

క్లౌన్ చేపలను సముద్రం నుంచి పట్టాల్సిన పని లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో వాటిని పొదిగించి పెంచే పద్ధతి ఏనాడో సాధించారు. అలా హేచరీలో పుట్టిన వేలెడంత పిల్లనే మా ఒంటరి ఆడ చేపకు జతగా తెచ్చాను. ఈ చేపల్లో పుట్టుకతో ఆడది ఉండదు. గుంపులో పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతిది మగది. అందుకే మనం తెచ్చేది చిన్నదిగా ఉండాలి. ముప్పై రోజులు వేరే తొట్టి. నాన్న రిజిస్టర్‌లో కొత్త పేజీ. తర్వాత చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పెద్ద తొట్టిలో వేలాడదీశాం. ఆడది మొదటి రోజు డబ్బాను గుద్దింది. ఐదో రోజు చుట్టూ తిరిగింది. పదకొండో రోజు చిన్నది పక్కకు వాలి ఒళ్లంతా వణికించింది. అది 'నువ్వే పెద్దదానివి' అని ఒప్పుకునే తీరు. నాన్న గడిలో 'వణికింది' అని రాసి, కింద గీత గీశారు. మూడు రోజుల తర్వాత డబ్బా తెరిచాం. ఆ రాత్రి రెండూ ఒకే రాయి పక్కన పడుకున్నాయి. అప్పటి నుంచి నాన్న కుర్చీ మళ్లీ తొట్టి ముందే ఉంది.

మన బడిలో ఒక తొట్టి పెట్టించమని హెడ్‌మాస్టర్ గారు అడిగారు. పెట్టిస్తాను కానీ మంచినీటిది, మన చెరువు చేపలతో. పిల్లలు చూడాల్సిన చేపలు మన బెల్లాల్ చెరువులోనే బోలెడున్నాయి. గాలి పీల్చే కొర్రమీను ఒక్కటి చాలు, ఏడాది పాఠం. పక్కన చిన్న క్వారంటైన్ తొట్టి కూడా ఇస్తాను. రిజిస్టర్ రాయడం నేర్పడానికి, ఒంట్లో బాగుంటే, మా నాన్న వస్తానన్నారు.

ఇంట్లో ఇప్పుడు ఒక ఫైర్‌ఫిష్ వేరే తొట్టిలో ఉంది. ఇవాళ దానికి పంతొమ్మిదో రోజు. నిన్న సాయంత్రం దాని రెక్క మీద ఏదో తెల్లగా కనబడిందని నాన్న రాశారు. పొద్దున చూస్తే లేదు. లేకపోవడం మంచిదో కాదో ఇప్పుడు మీకూ తెలుసు. ఆయన మళ్లీ ఒకటో రోజు అని రాసి లెక్క మొదలుపెట్టారు. మధ్యాహ్నం రీడింగుకు నన్ను రమ్మన్నారు కాబట్టి భోజనాల దాకా ఉండలేను, క్షమించాలి. నమస్కారం.